మందారం–గులాబీ టీ పొడి: ఒకటి ఎర్రగా పుల్లగా, ఇంకోటి ఊదాగా జిగురుగా. ఏది సరైనది?

బీటీఎం_వంటిల్లు

నమస్తే అండి. బెంగళూరులో ఉంటూ ఈ పూల టీ పొడులు వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. నా దగ్గర రెండు రకాలున్నాయి. రెండింటి మీదా "మందారం, గులాబీ" అనే రాసి ఉంది, కానీ కప్పులో ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు.

మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పించింది, 100 గ్రాముల డబ్బా. వేడినీళ్ళు పోయగానే ముదురు ఎరుపు వస్తుంది. పులుపుకి పళ్ళు జివ్వుమంటాయి. మూత తీస్తే గులాబీ వాసన బాగానే వస్తుంది, కప్పులోకి వచ్చేసరికి జాడే ఉండదు.

రెండోది చిక్‌పేట వైపు ఒక గ్రంథిగె అంగడిలో (పూజ సామాను, మూలికలు అమ్మే కొట్టు) పొట్లం కట్టి ఇచ్చారు. అది ఊదా రంగులో దిగుతుంది, పులుపు దాదాపు లేదు. చల్లారేకొద్దీ కొంచెం జిగురు తేలుతుంది.

రెండింట్లోనూ అడుగున మడ్డి మిగులుతోంది. మొదటిదాంట్లో పాలు పోస్తే విరిగాయి. కప్పు 200 ఎం.ఎల్.కి చెంచాడు వేసి, మరుగుతున్న నీళ్ళు పోసి కలుపుతున్నాను. అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు కలిసి వస్తాయి.

వీటిలో కల్తీ ఉందా? ఏది అసలు? గులాబీ రుచి నాలుకకి తగలాలంటే ఏం చేయాలి?

---

కప్పూ_సాసరూ

కల్తీ మాట తర్వాత, ముందు ఇవి రెండూ వేరువేరు మొక్కలండి. లేబుల్ రాసేవాళ్ళు రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చిన తికమక ఇది.

ఎర్రగా పుల్లగా దిగేది మన ఎర్ర గోంగూర మొక్కది. అందులో వాడేది పువ్వు రేకులు కాదు. పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రగా మిగిలే తొడిమ గిన్నె. ఈజిప్టు, సూడాన్ దేశాల్లో కర్కడే అని తాగేదీ, మెక్సికోలో చల్లగా తాగే హమాయికా అనేదీ ఇదే. గోంగూరకి పులుపు ఎంత సహజమో దీనికీ అంతే. సిట్రిక్, మాలిక్ లాంటి ఆమ్లాలు అందులోనే ఉంటాయి.

ఊదాగా జిగురుగా వచ్చేది ఇంటి ముందు పూసే మందారం, కన్నడంలో దాసవాళ. దాని రేకులు ఎండబెట్టి కొట్టిన పొడి. పులుపు తక్కువ, జిగురు ఎక్కువ. ఆ జిగురు కోసమే దాన్ని తలకి పెట్టుకుంటారు. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి: గ్రంథిగె అంగడిలో ఈ పొడి ఎక్కువగా తలకి పట్టించుకోవడానికే అమ్ముడుపోతుంది. పైకి రాసుకునే సరుకుని తినే సరుకంత శుభ్రంగా ఏరరు, కడగరు. విడిగా పొట్లం కట్టిచ్చినదాని మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఇచ్చే 14 అంకెల నంబరు ఉండదు కాబట్టి "తాగడానికేనా?" అని అడిగి తీసుకోవాలి. వాళ్ళు ఒక్క క్షణం తటపటాయించినా ఆ పొట్లాన్ని తలకే వాడేసుకోండి.

అడుగున మడ్డి ఉండటం తప్పేమీ కాదు. పూలని అలాగే మరపట్టిన పొడి నీళ్ళలో కరగదు, నానుతుంది అంతే. పూర్తిగా కరిగిపోయే రకం వేరే ఉంది. అది పూల సారాన్ని తీసి, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి చేసే పొడి) కలిపి ఆరబెట్టిన ఇన్‌స్టంట్ పొడి. దాంట్లో మడ్డి ఉండదు, సగం వరకూ పూలూ ఉండకపోవచ్చు. లేబుల్ మీద పదార్థాలని బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలన్నది నియమం. మొదటి పేరు చక్కెరో మాల్టోడెక్స్‌ట్రినో అయితే మిగతాది పేరు గొప్ప ఊరు దిబ్బ.

మీరు కలిపే పద్ధతిలో రెండు చోట్ల తేడా ఉంది. మొదటిది కొలత. మెత్తటి పొడి చెంచాడు గీటుగా కొలిస్తే రెండు గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది, గుట్టగా తీస్తే మూడూ మూడున్నర దాటుతుంది. గోంగూర తొడిమ పొడికి 200 ఎం.ఎల్.కి గ్రామున్నర చాలు. నగల తూకం లాంటి చిన్న డిజిటల్ త్రాసు దొరుకుతుంది, ఇలాంటి పొడులకి అది ఉండాల్సిందే. రెండోది, మరుగుతున్న నీళ్ళు నేరుగా పొడి మీద పోయడం. పైన తడిసి లోపల పొడిగా ఉండలు కడుతుంది, గులాబీ వాసన ఆవిరితో పాటే లేచిపోతుంది.

ఇలా చేయండి. కప్పులో పొడి వేసి, రెండు చెంచాల మామూలు నీళ్ళతో ముందు పేస్టులా కలపండి, రాగి అంబలికి పిండి కలుపుకున్నట్టు. నీళ్ళు మరిగాక స్టవ్ కట్టేసి, మూత తీసి మూడు నిమిషాలు ఆగండి. మన బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూడు నిమిషాలాగితే 85 దగ్గరికి వస్తాయి. అప్పుడు సన్నగా పోస్తూ కలిపి, వెంటనే సాసరు మూత పెట్టి నాలుగు నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాత కదపకుండా పైతేట తాగడం ఒక పద్ధతి, పల్చటి మల్లు గుడ్డలో వడకట్టడం ఇంకో పద్ధతి. కాఫీ ఫిల్టర్‌లో మాత్రం వేయకండి. జిగురుకి ఆ సన్న రంధ్రాలు పూడుకుపోతే సూదితో పొడుచుకుంటూ కూర్చోవాలి.

పాల సంగతి: పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గర విరుగుతుంది. ఈ ఎర్ర టీ పీహెచ్ 3 దగ్గరలో ఉంటుంది. ఎంత చల్లార్చినా, ఎంత నెమ్మదిగా పోసినా విరగాల్సిందే. పాలు కావాలంటే గులాబీ పొడి ఒక్కటే పాలలో వేసుకోండి.

---

ల్యాబ్_కోటు

రంగు గురించి నేను చెప్తాను, ఎందుకంటే దీని మీద వాట్సాప్‌లో తిరిగే పరీక్ష తప్పు.

"చల్లటి నీళ్ళలో వేయగానే రంగు దిగితే కృత్రిమ రంగు కలిపినట్టే" అంటారు. టీ ఆకుకి ఆ మాట కొంత నప్పుతుంది. ఈ పొడికి నప్పదు. గోంగూర తొడిమలో ఎరుపు ఆంథోసయనిన్లు అనే సహజ రంగు పదార్థాలది. అవి చల్లటి నీళ్ళలో కూడా చకచకా కరుగుతాయి. ఈ పరీక్ష నమ్మితే మంచి సరుకునే పారేస్తారు.

వంట సోడా పరీక్ష చేయండి. తెల్ల పింగాణీ గిన్నెలో రెండు చెంచాల టీ తీసుకుని చిటికెడు వంట సోడా వేయండి. పులుపు ఉంది కాబట్టి ముందు బుసబుసా నురుగు వస్తుంది. ఆ నురుగు కిందే ఎరుపు ఊదాకి, ఊదా నీలానికి, ఇంకాస్త సోడా పడితే మురికి ఆకుపచ్చకి తిరుగుతుంది. అదే గిన్నెలో నిమ్మరసం పిండితే మళ్ళీ ఎరుపు వైపు వస్తుంది. పువ్వు రంగు అయితే ఇలా ఆడుతుంది. కార్మోయిసిన్ లాంటి కలిపిన ఎరుపులు సోడాకి పెద్దగా చలించవు. సోడా వేశాక కూడా నిగనిగలాడే ఎరుపు అలాగే నిలిచి ఉంటే అనుమానించండి. ప్యాకెట్ మీద 122 అనో 124 అనో ఐ.ఎన్.ఎస్. నంబరు (ఆహారంలో కలిపే పదార్థాలకి ఇచ్చే గుర్తింపు అంకె) ఉంటే ఇక పరీక్షే అక్కర్లేదు, వాళ్ళే చెప్పేశారు. ఇవి పరిమితికి లోబడి కొన్ని ఆహారాల్లో అనుమతి ఉన్న రంగులే, కానీ పూల పొడిలో వాటికేం పని?

మీ రెండో పొడి ఊదాగా దిగడానికి కారణం కూడా ఇదే సూత్రం. మందార రేకుల్లో పులుపు లేదు, మీ బోరు నీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువ, అంటే క్షార గుణం. రంగు ఊదా వైపు తిరగక ఏం చేస్తుంది? నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి, కళ్ళముందే ఎర్రబడుతుంది. గోంగూర పొడికైతే సొంత పులుపు చాలా ఎక్కువ కాబట్టి మామూలు మోతాదులో నీళ్ళ గుణం దాని రంగుని లొంగదీయలేదు. పొడి తక్కువేసి నీళ్ళు ఎక్కువ పోస్తే మాత్రం అది కూడా వెలవెలబోతుంది.

రుచి చూసేది పొడిని కాబట్టి నీళ్ళు అడ్డం రాకూడదు. ఆర్.ఓ. నీళ్ళు వాడండి. లేదంటే బోరు నీళ్ళని ఐదు నిమిషాలు మరగనిచ్చి, తెల్లటి సున్నం అడుక్కి దిగాక పైనవి వంచుకోండి. నీళ్ళలో ఇనుము ఉంటే గులాబీలోని టానిన్లతో (వగరునిచ్చే పదార్థాలు) కలిసి టీ నల్లబడుతుంది. అల్యూమినియం, ఇత్తడి, ఇనప గిన్నెలు వద్దు. స్టీలు, గాజు, పింగాణీ మంచివి.

ఒక ముక్క ఆరోగ్యం గురించి. 2010లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధనలో 65 మందిని తీసుకున్నారు. కొందరికి ఆరు వారాలు రోజుకి మూడు కప్పుల గోంగూర తొడిమ టీ ఇస్తే పై బీపీ సగటున 7 పాయింట్ల దాకా తగ్గింది. ఉత్తుత్తి పానీయం తాగినవాళ్ళకి ఒక పాయింటు పైచిలుకు. దీన్ని పట్టుకుని మాత్రలు మానేయకండి. అసలే మాత్రలు వేసుకునేవాళ్ళు రోజూ తాగే ముందు డాక్టర్‌ని అడగాలి, గర్భిణులు దూరంగా ఉండటం మంచిది. ఇంకోటి, ఇంత పులుపు తాగిన వెంటనే బ్రష్ చేయకూడదు. తాగగానే పంటి పైపొర మెత్తబడి ఉంటుంది, అరగంట ఆగండి.

---

బీటీఎం_వంటిల్లు

సోడా వేసి చూశాను. రెండూ రంగు మారాయి, నిమ్మకాయకి తిరిగొచ్చాయి. రంగు భయం తీరింది. పొట్లం తలకే. మరి గులాబీ? మొదటి డబ్బా లేబుల్ మీద వరస ఇలా ఉంది: మందారం, తులసి, గులాబీ, దాల్చినచెక్క, "ప్రకృతి సమాన సువాసన".

---

కప్పూ_సాసరూ

జవాబు మీ లేబుల్‌లోనే ఉంది. గులాబీ మూడోది, అంటే తులసి కంటే తక్కువ. డబ్బా మూత తీస్తే గుప్పుమన్నది చివరన రాసిన సువాసన. కలిపిన అత్తరు వాసన మొదటి ఆవిరితో ఒక్కసారిగా వచ్చి పోతుంది, నాలుక మీద దానికి రుచి లేదు. పైగా తులసి ఉన్నచోట గులాబీ గెలవదు. దాల్చినచెక్క సంగతి చెప్పనే అక్కర్లేదు.

నిజమైన గులాబీ పొడి రుచి వేరేగా ఉంటుంది. ముందు కాస్త ఎండుగడ్డి వాసన, తర్వాత సన్నటి తీపి పరిమళం, మింగాక నాలుక పక్కల వగరు. ఆ వగరు లేకపోతే రేకులు లేనట్టే. గులాబీ పరిమళంలో నీళ్ళలో బాగా కరిగేది ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, పన్నీరులో మనకి తెలిసే వాసన ప్రధానంగా అదే. ఎండబెట్టడంలో కొంత, పొడి కొట్టేటప్పటి వేడిలో కొంత పోతుంది. అందుకే ఏడాది పాత గులాబీ పొడికి రంగుంటుంది గానీ పలుకుండదు.

రెండూ తెలియాలంటే బరువులో గోంగూర తొడిమ పొడి కంటే గులాబీ ఎక్కువ ఉండాలి. 150 ఎం.ఎల్. నీళ్ళకి తొడిమ పొడి ఒక గ్రాము, గులాబీ గ్రామున్నర నాకు నచ్చే పాళ్ళు. గులాబీని పొడిగా కొనొద్దు. ఎండు రేకులు కొని, వేసే ముందు అరచేతుల మధ్య నలిపి వేయండి. అప్పటికీ పలచగా అనిపిస్తే తినడానికి పనికొచ్చే పన్నీరు అర చెంచా, కప్పు తాగే వేడికి దిగాక. ముఖానికి రాసుకునే పన్నీరు కాదు.

ఇక రుచి చూసే పద్ధతి. టీ కంపెనీల్లో రుచి చూడటానికి ఐ.ఎస్.ఓ. 3103 అని ఒక కొలత ఉంది: 100 ఎం.ఎల్.కి 2 గ్రాములు, ఆరు నిమిషాలు. ఆ లెక్కన గోంగూర తొడిమ వేస్తే నాలుక మొద్దుబారిపోతుంది, సగం చేయండి. ఆరు నిమిషాలు మాత్రం అలాగే ఉంచండి. రెండు మూడు పొడులు పోల్చేటప్పుడు కప్పులన్నీ తెల్లవి, ఒకే సైజువి, నీళ్ళు ఒకే కెటిల్‌వి.

ముందు పొడి పొడిగానే వాసన చూడండి. తర్వాత మూత పెట్టిన సాసరు ఎత్తి, దాని అడుగున పట్టిన నీటి బొట్ల దగ్గర ముక్కు పెట్టండి. కప్పులో కంటే అక్కడ గులాబీ బాగా దొరుకుతుంది. నిలిచే పరిమళమో, కలిపిన సువాసనో రెండు నిమిషాలాగి అదే సాసరుని మళ్ళీ చూస్తే తేలిపోతుంది. చెంచాతో తీసి చప్పుడొచ్చేలా జుర్రండి, మర్యాద పక్కన పెట్టండి. గాలి కలిస్తేనే వాసన గొంతు వెనకనుంచి ముక్కుకి అందుతుంది. పొగలు కక్కేటప్పుడు కాదు, గోరువెచ్చన పైన ఉన్నప్పుడు. గులాబీ ఎక్కువున్న కప్పు ముందు, పులుపుది చివర. మధ్యలో నీళ్ళు, రెండు మరమరాలు.

తీపికి పటికబెల్లం వేసుకోండి. రంగు చెడదు, తనదంటూ రుచి చేర్చదు. మామూలు బెల్లం వేస్తే టీ మసకబారి, పానకం రుచి వస్తుంది. అది కావాలనుకుంటే వేరే సంగతి.

---

వేళచ్చేరి_తేమగాలి

చెన్నై నుంచి. కప్పూ సాసరూ గారు చెప్పినదాంట్లో ఒకదానితో నాకు పేచీ ఉంది, చివర్లో చెప్తాను. ముందు నిల్వ.

బెంగళూరు వాళ్ళకి అంత తెలియదు గానీ మా దగ్గర ఈ పొడి తెరిచిన వారానికే గడ్డ కడుతుంది. ఆమ్లాలున్న పొడి కాబట్టి గాలిలో తేమని లాగేసుకుంటుంది. డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసే చిట్కా ఉప్పు డబ్బాకి సరే, దీనికి చాలదు. కొనగానే 25 గ్రాముల చొప్పున చిన్న గాజు సీసాల్లోకి మార్చి, ఒక్కోదాంట్లో సిలికా జెల్ పొట్లం వేయండి. ఒకటే వాడుకలో ఉంచి, మిగతావి ఫ్రిజ్‌లో. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని వెంటనే తెరవకూడదు. గంటసేపు బయటే ఉంచి, సీసా మీద చెమట ఆరాక తెరవాలి. ఆవిరి వస్తున్న కెటిల్ పక్కన నిలబడి చెంచా ముంచడం అన్నిటికంటే పెద్ద తప్పు. గడ్డ వేళ్ళతో నలిపితే పొడైపోతే వాడుకోవచ్చు. ముక్కిపోయిన వాసనో, తెల్లటి మచ్చో కనిపిస్తే మొత్తం పారేయాల్సిందే.

ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్ళకి: ఎర్ర గోంగూర పగటి పొద్దు తగ్గేకొద్దీ పూతకొచ్చే మొక్క. అందుకే తొడిమలు చలికాలంలోనే బాగా దొరుకుతాయి. కాయ పూర్తిగా ముదరకముందే కోసి, లోపలి గింజల కాయని తీసేయాలి. ఒక చిన్న స్టీలు గొట్టం మొదట్లో గుచ్చి తోస్తే ఊడి వస్తుంది. గింజలో నూనె ఉంటుంది. అది పొడిలో కలిస్తే కొన్నాళ్ళకే చెడిన నూనె వాసన. పది కిలోల పచ్చి తొడిమలకి ఎండాక కిలో మిగిలితే గొప్ప. వంచితే పుటుక్కున విరగాలి, తోలులా సాగుతుంటే ఇంకా ఆరలేదన్నమాట. సాగేదాన్ని మిక్సీలో వేస్తే బ్లేడుకి చుట్టుకుని, మిక్సీ జార్ వేడెక్కి, పొడి బదులు ముద్ద వస్తుంది. ఆరినదాన్ని కూడా ఆపి ఆపి తిప్పి, మధ్యలో జార్ చల్లారనివ్వాలి.

గులాబీకి నాటు పన్నీరు గులాబీయే. రేకు మొదట్లో తెల్లటి భాగం చేదు, తుంచేయండి. నీడలో ఆరబెట్టండి. హోసూరు వైపు నుంచి కట్టలుగా వచ్చే పొడుగు కాడల గులాబీలు కుండీలో నిలవడానికి పెంచినవి, వాసన ఉండదు, మందులు కొడతారు. మా చెన్నై కోయంబేడు మార్కెట్‌లో దండల కోసం తూచే పూలకీ మందులు కొడతారు. దేవుడికి పెట్టండి, కప్పులో వేయకండి.

ఇక పేచీ. వేడినీళ్ళు 85 డిగ్రీలన్నారు. ఈ రెండింటికీ అసలు వేడే అక్కర్లేదని నా వాదన. కాచని మామూలు నీళ్ళు అర లీటరుకి నాలుగు గ్రాముల తొడిమలు, ఆరు గ్రాముల గులాబీ రేకులు, పొడి కాకుండా ముక్కలుగా. గాజు జగ్గులో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఎనిమిది గంటలు. వగరు తక్కువ దిగుతుంది, పులుపు మెత్తగా ఉంటుంది, గులాబీ పోదు. చెన్నై ఎండకి వేడి టీ ఎవడు తాగుతాడు?

---

కప్పూ_సాసరూ

ముక్కలకైతే ఒప్పుకుంటాను. బీటీఎం గారు అడిగింది పొడి గురించి. పొడిని ఎనిమిది గంటలు నానబెడితే జిగురంతా దిగి చారులా తయారవుతుంది, వడకట్టబోతే గుడ్డ దాటదు. పొడితో చల్లగా కావాలంటే పదిహేను నిమిషాలు చాలు, పులుపు దిగడానికి అంతకంటే అక్కర్లేదు. శుభ్రత మాట కూడా ఉంది. విడిగా అమ్మే ఎండు పూలని వేడినీళ్ళు చూపించకుండా నానబెట్టి మర్నాడు తాగడం నాకు ఇష్టం ఉండదు. సీలు వేసిన మంచి సరుకైతే సరే, అప్పుడు కూడా ఒక్కరోజులో తాగేయాలి.

---

వేళచ్చేరి_తేమగాలి

సరే, మధ్యేమార్గం. 85 డిగ్రీల నీళ్ళు మునిగేంత వరకే పోసి రెండు నిమిషాలు ఉంచి, మిగతాది చల్లటి ఆర్.ఓ. నీళ్ళతో నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. ఐస్ వేసేటట్టయితే అదే టీని ట్రేలో గడ్డకట్టించుకోండి, మామూలు ఐస్ కరిగితే ముందు పలచబడేది గులాబీయే.

---

బీటీఎం_వంటిల్లు

తొడిమలు, రేకులు విడివిడిగా ఆర్డర్ పెట్టాను. ఇప్పుడున్న తులసి–దాల్చిని డబ్బాలో ఇంకా 70 గ్రాములుంది, ఏం చేయను?

---

ల్యాబ్_కోటు

అల్లం ముక్క, రెండు మిరియాలు వేసి జలుబు కషాయంలా వాడేయండి. గులాబీ లేదన్న బాధ ఉండదు. లేదంటే పప్పులో చింతపండు బదులు అర చెంచా వేయండి, గోంగూరే కదా.

---

వేళచ్చేరి_తేమగాలి

పప్పులో వద్దండీ, ఆ డబ్బాలో దాల్చినచెక్కా సువాసనా ఉన్నాయి.